త్రోవ దప్పిన సీలుకు పుట్టిల్లేది?

2019వ సంవత్సరము నవంబరు మాసమున, సింహళద్వీపపు దక్షిణాగ్రమున గాలె పట్టణమునకు చేరువనున్న ఉనవతున తీరమున, ఆ ప్రాంతపువారు తాతముత్తాతల కాలమునుండియు కని విని యెరుగని యొక జంతువు ప్రత్యక్షమయ్యెను. కాళ్లకు మారుగా తెడ్లవంటి యవయవములును, వెలుపలికి కానరాని చెవులును, నల్లని విశాలనేత్రములును, ఒడలినంటియుండు కురుచవెండ్రుకలును గల యా ప్రాణి దక్షిణమహాసముద్రమునకు చెందిన యేనుగు సీలు. దాని జాతి కాపురముండు దీవులలో మనకు దగ్గరివని చెప్పదగిన కెర్గులెన్, క్రొజే దీవులు సయితము అచ్చటికి సుమారు ఆరువేల కిలోమీటర్ల దూరమున, ఎడతెగని చలిగాలులు వీచు దక్షిణాక్షాంశములలో నున్నవి. అట్టి శీతలదేశపు జీవి భూమధ్యరేఖను దాటి, కొబ్బరితోటల నీడ పడు వెచ్చని జలములకు వచ్చి చేరినది. గగనమార్గమున లెక్కించినచో మన నెల్లూరి తీరమునకును ఆ తావునకును వేయి కిలోమీటర్ల దూరమైనను లేదు.

ఇట్టి వార్త విన్నపుడెల్ల నాకు మొదట జాలి కలుగును; ఆ వెనువెంటనే యొక ప్రశ్న కలుగును. ఇది యెవరి బిడ్డ? ఏ దీవి యిసుకలో కన్ను తెరచినది? ఒమాను దేశపు తీరమునను ఒకప్పుడిట్లే దక్షిణపు టేనుగు సీలొకటి కానవచ్చెను. దక్షిణాఫ్రికా, టాస్మానియా, న్యూజీలండు తీరములకు ఇట్టి బాటసారులు వచ్చుట అంత యరుదును కాదు. ప్రకృతిశాస్త్రజ్ఞులు చిరకాలము వీనిని తమ పట్టికలలో త్రోవ దప్పిన జంతువులని వ్రాసికొని యూరకుండిరి. ఏలయనగా ఆ జంతువు తన యూరు చెప్పలేదు, చెప్పించు సాధనము వారికి లేదు. మేరియన్ దీవియందు 1983వ సంవత్సరము మొదలు పాలు మరచిన పిల్లల వెనుకతెడ్లకు అంకెలు గల రంగుబిళ్ళలు తొడుగుచున్నారు. బిళ్ళ గల సీలు ఏ తీరమున తేలినను దాని పుట్టుపూర్వోత్తరములు తెలియును. కాని అన్ని దీవులలో పుట్టిన అన్ని పిల్లలకును బిళ్ళలు తొడుగుట మనుష్యసాధ్యము కాదు. తొడిగినవి సయితము ఏండ్లు గడచిన కొలది ఊడి పోవుచుండును. ఊడిపోని గుర్తు, ప్రతి కణమునందును ప్రకృతియే వ్రాసి యుంచిన గుర్తు, ఒకటి కలదని తెలిసినది మొదలు త్రోవ దప్పిన సీలుల కథ మరియొక మలుపు తిరిగినది.

ఏనుగు సీలు బ్రతుకు తీరు కొంత తెలిసిననే గాని ఈ పరిశోధనయందలి సొగసు బోధపడదు. నీటిలో నివసించు సీలు జాతులన్నిటిలోను పెద్దది యిది. ఎదిగిన మగది మూడు టన్నులను మించి తూగును. తొండమును తలపించు దాని ముక్కును బట్టియే యీ పేరు వచ్చినది. ఆడుది అందులో నాలుగవవంతో అయిదవవంతో యుండును. సంవత్సరమున పదిమాసములకు తక్కువ గాకుండ ఇవి నడిసముద్రముననే గడపును. అచ్చట నాలుగైదు వందల మీటర్ల లోతునకు మునిగి చేపలను, కణవలను వేటాడుట వీనికి నిత్యకృత్యము. రెండువేల మీటర్లకు దిగినవియు కలవు. నేలకు వచ్చుట యేటికి రెండు మారులే: సెప్టెంబరు నవంబరుల నడుమ సంతానమునకై యొకమారు, చర్మము మార్చుకొనుటకై మరియొకమారు. నల్లని యున్నితో పుట్టు పిల్ల సుమారు నలువది కిలోలుండును. ఇరువదిమూడు దినములు తల్లి యన్నపానములు మాని వెన్నవంటి చిక్కని పాలిచ్చును. పిల్ల మూడింతలు పెరుగును. అంతట నొకనాడు తల్లి సముద్రమున దిగి మరలి చూడక పోవును. పిల్ల తన క్రొవ్వునే తిని అయిదారు వారములు తీరమున పడియుండి, నీటిలో తనంతతాను ఈత నేర్చి, త్రోవ చూపువారెవ్వరును లేకయే మహాసముద్రమున ప్రవేశించును.

ఈ యొంటరి పిల్ల, ఆడుదైనచో, మూడు నాలుగేండ్లు తిరిగి, తాను పుట్టిన దీవికే ప్రసవమునకు వచ్చును. ఆడుబిడ్డ పురిటికి పుట్టింటికి వచ్చుట మనకు పరిచితమైన యాచారము. దానిని సీలులు మనకంటె దృఢముగా, లక్షల యేండ్లుగా పాటించుచున్నవి. కనుకనే ఒక్కొక్క దీవియందలి ఆడుసంతతి ఇతర దీవుల ఆడుసంతతితో కలియక, వేలాది తరములు వేరువేరుగా సాగి, తన గుర్తును తాను పెంపొందించుకొన్నది. సీలు పుట్టిల్లు కనుగొను విద్యయంతయు ఈ యొక్క యాచారముపై నిలిచి యున్నది.

గుర్తును చదువుటకు కావలసిన పదార్థము లేశమాత్రమే. ఏనుగు సీలు వెండ్రుకలను ఒకటొకటిగా రాల్చునది కాదు. పై చర్మమే వెండ్రుకలతోగూడ తునకలు తునకలుగా ఒలిచి పడిపోవును. ఆ దినములలో వాని ఒడలు చినిగిన గోనెవలె కానవచ్చును. చుట్టును నేలపై అరచేతి వెడల్పు తునకలు చెదరి యుండును. అట్టి తునక నొకదానిని తీసి చూచినచో, ఒక ప్రక్క పొట్టివెండ్రుకలు నునుపుగా ఒకే దిక్కునకు వాలి యుండును. రెండవ ప్రక్క త్రిప్పినచో, ఎండిన తామరాకు అడుగువలె బిరుసై, వెండ్రుకల మొదళ్ళు సన్నని చుక్కలుగా వరుసలు తీరి యుండును. ఆ తునకనుండియో, వెనుకతెడ్డు వ్రేళ్ళ నడుమనుండు పలుచని పొరనుండి తీసిన సెనగగింజంత ముక్కనుండియో పరిశోధకుడు పని మొదలిడును. మాంసకృత్తులను కరగించు ఎంజైముతో దానిని నానబెట్టి, ఉప్పుతో మలినములను వేరుపరచి, చల్లని ఆల్కహాలును మెల్లగా పోసినపుడు, గాజుగొట్టమునందు పొగతెరవంటి తెల్లని నీడ యొకటి కదలును, అది డి.ఎన్.ఏ. కొన్ని పర్యాయములు ఆ నీడయు కంటికి కానరాదు. అయినను కొరత లేదు: 1983లో కారీ మల్లిస్ కనిపెట్టిన పి.సి.ఆర్. అను ప్రక్రియచే, వేడిచేయుట, చల్లార్చుట అను రెండు పనులను మరల మరల జరిపించి, కావలసిన భాగమును ఒకటికి రెండు, రెండింటికి నాలుగు చొప్పున పెంచుకొనవచ్చును. ముప్పది మారులు జరిపినచో ఒక్క ప్రతినుండి నూరు కోట్లకు మించిన ప్రతులు సిద్ధించును.

చదువదగిన లిపులు కణమునందు రెండు కలవు. మొదటిది మైటోకాండ్రియా యందలి డి.ఎన్.ఏ. కణమునకు శక్తిని సమకూర్చు నీ చిన్న యవయవములకు తమదైన వలయాకారపు డి.ఎన్.ఏ. యొకటి యుండును, సుమారు పదునారువేల అయిదువందల యక్షరముల పొడవు గల యీ వలయము బిడ్డకు తల్లి యండమునుండియే వచ్చును. తండ్రి పాలు ఇందులో లేదు. మనలో ఇంటిపేరు తండ్రినుండి సంక్రమించును. ఆడపడుచు పుట్టినింటి పేరును తాను మోసికొని పోవునే గాని తన బిడ్డలకు దాని నీయజాలదు. సీలుల యింటిపేరు తల్లినుండి వచ్చును. మగపిల్ల దానిని జీవితాంతము మోయును గాని సంతానమునకు అందీయలేదు. ఈ వలయమునందు ప్రోటీనులకు సూత్రము కాని యొక భాగమున మార్పులు త్వరత్వరగా చేరుచుండును. అక్కడి కొన్ని వందల యక్షరముల వరుసను చదివినచో మాతృవంశపు ముద్ర దొరకును. శాస్త్రజ్ఞులు దానిని హాప్లోటైపు అందురు.

1990ల దశకమున రస్ హోల్జెల్ మొదలగు పరిశోధకులు వేరువేరు దీవుల యేనుగు సీలుల మాతృముద్రలను పోల్చి చూచినపుడు, అవి నాలుగు పెద్ద కుదుళ్ళుగా విడివడి యుండుట వెల్లడియయ్యెను: అట్లాంటికు సముద్రమునందలి సౌత్ జార్జియా, అర్జెంటీనా ప్రధానభూభాగమున నున్న వాల్డెస్ ద్వీపకల్పము, హిందూమహాసముద్రపు దక్షిణభాగమునందలి కెర్గులెన్, హెర్డ్ దీవులు, టాస్మానియాకు దక్షిణముననున్న మాక్వారీ దీవి. ఇక త్రోవ దప్పిన సీలు ముద్రను చదివి, ఈ నాలుగు కుదుళ్ళ ముద్రలలో దేనితో సరిపోవునో చూచుటయే మిగిలినది.

రెండవ లిపి కణకేంద్రకమునందున్నది. అచ్చటి డి.ఎన్.ఏ.లో సగము తల్లిది, సగము తండ్రిది. అందు రెండు మూడు అక్షరముల చిన్న పదములు పదిమార్లో, పదునేడుమార్లో, ఇరువదిమార్లో వల్లెవేసినట్లు పునరుక్తములైన తావులు కలవు. వీనినే మైక్రోశాటిలైట్లని పిలుతురు. ఎన్ని మార్లు పునరుక్తమైనదను సంఖ్య ఒక్కొక్క జంతువునకు ఒక్కొక్క తీరుగ నుండుటచే, పది పదునైదు తావుల సంఖ్యలను కూర్చినచో ఆ జంతువునకు వ్రేలిముద్రవంటి గుర్తు ఏర్పడును. ఏ దీవిలో ఏ సంఖ్య యెంత తరచుగా కనబడునో ముందుగా తెలిసియున్నచో, ఈ బాటసారి ఫలానా దీవి సంతానమగుట కెంత యవకాశమున్నదో గణితముచే తేల్చవచ్చును.

ఈ రెండు లిపులను ప్రక్కప్రక్కన పెట్టి చదివినపుడు బయటపడిన విషయము నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచినది. మాతృముద్రలను బట్టి చూచినచో దీవులు ఒండొంటికి పరాయివి. కేంద్రకపు లిపిని బట్టి చూచినచో వాని నడుమ భేదము చాల తక్కువ. ఒకే జంతువుల రక్తమాంసములలో ఈ రెండు సాక్ష్యములు వేరువేరుగా పలుకనేల? పుట్టింటిని విడువనిది ఆడుది, తిరుగుబోతు మగది. అప్పుడప్పుడొక మగసీలు తన దీవిని విడిచి, వేలకొలది కిలోమీటర్లు పోయి, పరాయి దీవిలో సంతానము కనినచో, ఆ పిల్లలకు తండ్రి కేంద్రకాంశము సంక్రమించును, తండ్రి యింటిపేరు సంక్రమింపదు. తరములు గడచిన కొలది తండ్రుల రక్తము దీవులన్నిటను కలిసిపోవును. తల్లుల పేర్లు మాత్రము ఎచ్చటివి అచ్చటనే నిలిచియుండును. పట్టికలలో త్రోవ దప్పినవని వ్రాయబడిన జంతువులలో కొన్నియైనను వంశములను కలుపు వంతెనలై యుండునని దీనివలన ఊహింపవలసి వచ్చెను.

ఊహకు సాక్ష్యము 2003లో దొరికెను. ఫాక్‌లాండ్ దీవులలో సీ లయన్ అను చిన్న దీవి యొకటి కలదు. అచ్చటి యేనుగు సీలులను ఏండ్ల తరబడి ఒక్కొక్కదానిని గుర్తుపట్టి పరిశీలించుచున్న ఇటలీదేశపు పరిశోధకులు గాలింబెర్టీ, సాన్వీటో గారలు, ఫాబియానీ, హోల్జెల్ గారలతో కలిసి వాని డి.ఎన్.ఏ.ను చదివించిరి. ఆ తీరమున సంతానోత్పత్తికి వచ్చిన యొక మగవానియందు ఫాక్‌లాండులకు గాని సౌత్ జార్జియాకు గాని చెందని మాతృముద్ర బయటపడెను. అది మాక్వారీ దీవి ముద్ర! మాక్వారీకిని ఫాక్‌లాండులకును నడుమ దూరము సుమారు ఎనిమిదివేల కిలోమీటర్లు. అంతదూరము వచ్చిన యా మగది అచ్చట పరాయివాడై పడియుండలేదు. పిల్లలకు తండ్రియు అయ్యెను. తీరముననున్న మగవారిలో అధికభాగము ఒక్క బిడ్డకైనను తండ్రులు కాకయే ఆయువు తీర్చుకొను నీ జాతిలో, ఎనిమిదివేల కిలోమీటర్లు ఈది వచ్చిన పరదేశికి అట్టి యదృష్టము పట్టుట సామాన్యము కాదు.

అయితే ఈ విద్యకు హద్దులును కలవు. వానిని దాచుట శాస్త్రమునకు ద్రోహము. మాతృముద్ర చెప్పునది వంశపు టూరును గాని జంతువు పుట్టిన తావును గాదు. ఒక తరము క్రిందట వలసపోయిన తల్లి కడుపున పుట్టిన పిల్ల సయితము అమ్మమ్మ దీవి పేరే చెప్పును. రెండవది, పోల్చుటకు ముద్రలు సేకరించని దీవినుండి వచ్చినదైనచో, గణితము దానిని దగ్గర పోలిక గల మరియొక దీవికి అంటగట్టు ప్రమాదము కలదు. మూడవది మరింత విషాదకరము: చదువుటకు భేదమే లేని జాతులు కొన్ని కలవు. ఉత్తరార్ధగోళమున, కాలిఫోర్నియా, మెక్సికో తీరములలో నివసించు ఉత్తరపు టేనుగు సీలులను పందొమ్మిదవ శతాబ్దమున నూనెకై వేటకాండ్రు చంపి చంపి, శతాబ్దాంతమునకు మెక్సికోకు చెందిన గ్వాడలూపె దీవియందు పదుల సంఖ్యకు తెచ్చిరి. ఆ కొలదివానినుండి మరల పెరిగిన సంతతి నేడు రెండు లక్షలకు మించినది. కాని 1974లో బానెల్, సెలాండర్ గారలు ఈ సీలుల రక్తమునందు ఇరువదినాలుగు జన్యుస్థానములకు చెందిన ప్రోటీనులను పరీక్షింపగా వానిలో భేదమన్నది కానరాలేదు; తరువాతి పరిశోధనలలో మాతృముద్రలును రెండే దొరకెను. అందరికిని కలిపి రెండే యింటిపేర్లు గల యూరిలో తప్పిపోయిన బిడ్డను పేరు అడిగి యిల్లు చేర్చుట యెట్లు? వేట ప్రాణములతోపాటు చరిత్రను గూడ హరించినది.

మన హైదరాబాదునకును ఈ విద్యతో చుట్టరికము కలదు. కణ జీవాణు పరిశోధన కేంద్రమున, అనగా మనమందరము సీసీఎంబీ అని పిలుచు సంస్థయందు, లాల్జీసింగ్, సునీల్‌కుమార్ వర్మ గారలు మైటోకాండ్రియాయందలి యొక జన్యుభాగమును ఆధారముగా గొని, చర్మమో మాంసమో ఏ జంతువుదో తేల్చు పద్ధతిని రూపొందించిరి. మన తూర్పుతీరమున గ్రుడ్లు పెట్టు ఆలివ్ రిడ్లే తాబేళ్ళ మాతృముద్రలను చదివి, ప్రపంచమునందలి యితర ఆలివ్ రిడ్లేలకు ఈ తీరపు సంతతియే మూలమై యుండునని సూచించిన పరిశోధనలోను ఆ సంస్థవారు పాలుగొనిరి. వానిలోను పుట్టిన తీరమునకే మరలివచ్చుట యను ఆచారము ఆడువానిదే.

పుట్టిల్లు తెలిసికొనుట వలన నేమి ప్రయోజనమని యడుగువారికి వాల్డెస్ తీరమును చూపవలసి యున్నది. దక్షిణపు టేనుగు సీలులు పెద్దసంఖ్యలో ప్రధానభూభాగమున సంతానము కను తావు ప్రపంచమున నది యొక్కటే. 2023లో పక్షులనుండి సంక్రమించిన హెచ్5ఎన్1 ఫ్లూ వ్యాధి ఆ తీరమును పట్టి, ఆ యేడు పుట్టిన పిల్లలలో నూటికి తొంబదియైదుకు పైగా హరించెను. చనిపోయిన వాని సంఖ్య పదునేడువేలను మించెనని యంచనా. తల్లులెన్ని చనిపోయెనో, ఎన్ని బ్రతికియు తిరిగి రావో రాబోవు ఏండ్లే తెలుపవలెను. ఆ తీరమునకు కొత్తగా వచ్చు ప్రతి సీలును వాల్డెస్ కుదురుదా, సౌత్ జార్జియా కుదురుదా అని యిప్పుడు అడుగవలసి యుండును. మాతృముద్రల పట్టికలు ముందే సిద్ధముగా నుండుటచే ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకును. ఆ దీవులలో చర్మపు తునకలు ఏరినవారు ఇట్టి దినము వచ్చునని తలచి యుండరు.

కొత్త తీరమున కాపురము నిలుచుట యెట్లో తెలుపు కథ యొకటి అంటార్కిటికా యందున్నది. రాస్ సముద్రము నానుకొనిన విక్టోరియాలాండు తీరమున నేడు ఏనుగు సీలులు సంతానము కనవు. మంచు ఆ తీరమును కప్పియుండును. కాని అచ్చటి పాతయొడ్డుల యిసుకను త్రవ్వినపుడు బ్రెండా హాల్ మొదలగు భూశాస్త్రజ్ఞులకు ఏనుగు సీలుల చర్మపు తునకలును వెండ్రుకలును గుట్టలుగా దొరకెను. చలియు పొడిగాలియు కలిసి వానిని వేల యేండ్లు చెడకుండ కాపాడెను. 2009లో డి బ్రూయిన్ మొదలగువారు ఆ ప్రాచీన చర్మములనుండి మాతృముద్రలను చదివి వెల్లడించిన వృత్తాంతమిది: సుమారు ఎనిమిదివేల యేండ్ల క్రిందట మంచు వెనుకకు తగ్గి తీరము తెరచుకొనినపుడు, దానికి రెండువేల అయిదువందల కిలోమీటర్ల దూరముననున్న మాక్వారీనుండి కొన్ని సీలులు ఆ తావు చేరినవి. ఈ మారు వచ్చినవి మగవి మాత్రమే కావు. మాతృముద్రలు అక్కడ నాటుకొనుటయే అందులకు ప్రమాణము. పురిటికి పుట్టింటికే పోవు నాచారమును కొన్ని తల్లులు ఏనాడో తప్పి, కొత్త యొడ్డున బిడ్డలను కనినవి. ఆ బిడ్డలకు ఆ యొడ్డే పుట్టిల్లయినది. సంతతి వేగముగా పెరిగి, ముద్రలు నానావిధములై విస్తరించెను. మరల సుమారు వేయి యేండ్ల క్రిందట మంచు ముందుకు జరిగి తీరము మూసికొనగా, ఆ కుదురు అంతరించెను. అందలి కొలది ముద్రలు మాత్రము మాక్వారీ సీలులలో నేటికిని కానవచ్చుచున్నవి. పోయినవారిలో కొందరు, తరతరముల వెనుక విడిచిన యింటికి, తిరిగి వచ్చిరన్నమాట.

రాస్ సముద్రతీరమున నేడును అప్పుడప్పుడు ఒక్కొక్క యేనుగు సీలు ఒంటరిగా కనబడుచుండును. పట్టికలో దానిని త్రోవ దప్పినదనియే వ్రాయుదురు. అది పరుండు తీరములలో, ఇసుక పొరల క్రింద, వేయియేండ్ల నాడు దాని జాతి తల్లులు రాల్చిన వెండ్రుకలు ఇంకను చెడక యున్నవి.